పాటను మ్యాపు ముందు నిలబెడితే

మన బళ్లలో పిల్లలు రోజూ పాడే భూగోళం పాట ఒకటుంది. అది జనగణమన. 52 సెకన్ల ఆ పాటలో ఏడు ప్రాంతాల పేర్లున్నాయి, రెండు పర్వతాలున్నాయి, రెండు నదులున్నాయి, చివరికి సముద్రపు అలలు కూడా ఉన్నాయి. ఒకటి నుంచి పదో తరగతి దాకా చదివిన పిల్లవాడు దాన్ని రెండు వేల సార్లకు తక్కువ కాకుండా పాడి ఉంటాడు. అన్నిసార్లు పాడినా, సోషల్ పీరియడ్‌లో గోడకు మ్యాపు తగిలించి ఇందులో చెప్పిన సింధు ఎక్కడుందో చూపించమని అడిగేవాళ్లు అరుదు. అడిగితే పాఠం అక్కడే మొదలవుతుంది. టాగోర్ ఆ పాట రాసిన 1911 నాటికి సింధు బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. 1947 తరవాత అది పాకిస్తాన్‌లో ఒక రాష్ట్రం. పాటలోంచి ఆ పేరు తీసేయాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు, 2005లో కోర్టు ఒప్పుకోలేదు. ద్రావిడ అన్న ఒక్క మాటలో మనమూ, తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలూ అందరం సర్దుకున్నాం. కశ్మీరు ఊసు లేదు, అస్సాం ఊసు లేదు. 1919లో టాగోర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండగా ఈ పాటను ఇంగ్లీషులోకి తెచ్చాడని, మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాసిందని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప ప్రార్థన వేళ దగ్గరే ఆగిపోతుంది, తరగతి గది గడప దాటదు.

పాటలతో భూగోళం చెప్పొచ్చు అనగానే చాలామందికి తట్టేవి రెండు పద్ధతులు. రాజధానుల పేర్లో ఉపనదుల పేర్లో ఒక హిట్ పాట బాణీలో ఇరికించి బట్టీ పట్టించడం మొదటిది. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు ‘కోడ్‌’ల పేరుతో ఇలాంటి పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. పాఠానికి ముందు పిల్లల్ని హుషారు చేయడానికి ఓ పాట వినిపించి, ఆపేసి, ఇక పుస్తకాలు తీయండి అనడం రెండోది. రెండింటిలోనూ పాట అసలు బలం వృథా అవుతోందన్నది నా వాదన. పాట అంటే ఒక చోటు గురించి ఎవరో ఇచ్చిన వాంగ్మూలం. సాక్షిని బోనెక్కించినట్టు దాన్ని మ్యాపు ముందు, వర్షపాతం పట్టిక ముందు, జనాభా లెక్కల ముందు నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేయాలి. అది చెప్పిన నిజంతో పాటు పొరపాటున చెప్పిన అబద్ధమూ, అసలు నోరెత్తని విషయమూ కూడా భూగోళ పాఠమే అవుతుంది. ఇక్కడ పాట అంటే సినిమా పాట, జానపదం, ఉద్యమ గీతం, యూట్యూబ్‌లో లక్షల మంది వినే ప్రైవేటు పాట, అన్నీ.

ఈ దారిలో ఎక్కువగా నడిచినవాళ్లు అమెరికా భూగోళ శాస్త్రవేత్తలు. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన జార్జ్ కార్నీ 1970ల నుంచి కంట్రీ, బ్లూగ్రాస్ సంగీతాలు ఏ ప్రాంతంలో పుట్టి ఏ దారిన పాకాయో మ్యాపులు గీస్తూ వచ్చాడు. టీచర్ల కోసం నడిచే ‘జర్నల్ ఆఫ్ జాగ్రఫీ’లో 1994లో డేవిడ్ బిక్లమ్, 2014లో సారా స్మైలీ, క్రిస్ పోస్ట్ తరగతి గదిలో పాటల వాడకం మీద రాశారు. సింగపూర్‌కు చెందిన లిలీ కాంగ్ 1995లో ఒక సమీక్షా వ్యాసంలో, భూగోళ శాస్త్రం పాపులర్ సంగీతాన్ని చాలాకాలం చిన్నచూపు చూసిందని ఎత్తిచూపింది. జాన్ కానెల్, క్రిస్ గిబ్సన్‌ల ‘సౌండ్ ట్రాక్స్’ 2003లో వచ్చింది. వీళ్లందరి కృషిని కలిపి చూస్తే ఒక కదలిక కనిపిస్తుంది. పాటలో ఏ ఊళ్ల పేర్లున్నాయి అన్న ప్రశ్నతో మొదలై, పాట ఏ ఊళ్లో పుట్టింది, ఎలా వ్యాపించింది అన్న ప్రశ్న మీదుగా, ఒక ఊరి గురించి మన మనసులో ఉన్న బొమ్మను పాట ఎలా తయారుచేస్తోంది అన్న ప్రశ్న దాకా వచ్చారు. మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. హైస్కూలు పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే. మన దగ్గర ఈ దారిలో పెద్దగా పని జరగకపోయినా ముడిసరుకు మాత్రం దండిగా ఉంది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన, నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పోగుచేసిన పాటలు తెలుగు పండితుల బీరువాల్లో ఉన్నాయి. సోషల్ టీచర్లకు వాటితో పనుందని ఎవరూ అనుకోలేదు.

బాణీ కట్టి బట్టీ పట్టిస్తే బాగా గుర్తుంటుందన్న నమ్మకాన్ని ముందు తేల్చుకోవాలి. ఇందులో నిజం కొంతే. వాండా వాలెస్ 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, మామూలుగా చదివి వినిపించిన పాఠం కన్నా పాడి వినిపించిన పాఠం బాగా గుర్తున్నట్టు తేలింది. కానీ ఒక షరతు ఉంది. ఒకే బాణీ చరణం తరవాత చరణంగా మళ్లీ మళ్లీ వచ్చి, విన్నవాళ్లకు వంటబట్టినప్పుడే ఆ లాభం. ఒక్క చరణం విన్నవాళ్లకు బాణీ వల్ల ఒరిగిందేమీ లేదు. 2007లో మాంట్రియల్‌కు చెందిన అమేలీ రాసెట్, ఇసబెల్ పెరెట్జ్ ఇంకో అడుగు ముందుకు వేశారు. కొత్త పాట సాహిత్యాన్ని నేర్చుకునేటప్పుడు మాటనూ బాణీనీ ఒకేసారి ఎత్తుకోవడం నేర్చుకునేవాళ్లకు అదనపు బరువే అవుతోందని వాళ్ల ఫలితాలు సూచించాయి. బాగా తెలిసిన బాణీలో గోదావరి ఉపనదుల పేర్లు పెట్టి పాడితే ఆ పేర్లు వరసగా నోటికి వస్తాయి, కాదనలేం. అయితే మంజీరా ఏ వైపు నుంచి వచ్చి కలుస్తుంది, ప్రాణహిత ఎందుకంత నీళ్లు మోసుకొస్తుంది అన్నవి ఆ వరసలో ఉండవు. పేర్ల దండకం భూగోళం కాదు. దండకం అప్పజెప్పిన పిల్లవాడికి ఖాళీ మ్యాపు ఇచ్చి నది గీయమంటే చేయి కదలదు.

హుషారు కోసం వేసే పాట సంగతి ఇంకా అనుమానం. షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ 1998లో మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంతో ప్రయోగాలు చేశారు. పాఠానికి ఆసక్తికరమైన పిట్టకథలు, బొమ్మలు తగిలించిన చోట విద్యార్థులకు అసలు విషయం తక్కువ గుర్తుంది, దాన్ని కొత్త సమస్యకు వర్తింపజేయడంలోనూ వెనకబడ్డారు. ఆకర్షణ పాఠానికి బయట ఉంటే అది పాఠాన్నే మింగేస్తుంది. పాటలు వద్దనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దీనికి నా జవాబు ఒక్కటే: పాట పాఠానికి తగిలించిన తోరణం కాకూడదు. పీరియడ్ మొత్తం దాని మీదే నడవాలి, అందులోని ప్రతి ప్రశ్నా మ్యాపు వైపే నడిపించాలి. అలా వీలుకాని పాటను, ఎంత మంచి పాటైనా, పక్కన పెట్టాలి.

తప్పు చెప్పే పాటతోనే మొదలుపెట్టవచ్చు. 1946లో బాబీ ట్రూప్ రాసిన ‘రూట్ 66’ పాట షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే రహదారి మీది ఊళ్లను వరసగా చెబుతుంది. తూర్పు నుంచి పడమరకు సాగుతున్న ఆ వరసలో ఒక్క ఊరు మాత్రం తారుమారైంది. అరిజోనాలోని వినోనా, ఫ్లాగ్‌స్టాఫ్‌కు తూర్పున ఉంటే, పాటలో ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక వస్తుంది. రాష్ట్రం పేరుతో అంత్యప్రాస కుదరడానికి కవి ఊరిని జరిపేశాడు. పిల్లలే అట్లాసు తీసి ఈ తప్పు పట్టుకుంటే ఆ దారి వాళ్లకు ఎప్పటికీ గుర్తుంటుంది. జాన్ డెన్వర్ 1971లో పాడిన ‘కంట్రీ రోడ్స్’ను వెస్ట్ వర్జీనియా 2014లో తన అధికారిక గీతాల్లో చేర్చుకుంది. ఆ పాటలో పేరుపెట్టి పిలిచిన బ్లూ రిడ్జ్ పర్వతాలు, షెనండోవా నది మాత్రం ఎక్కువ భాగం పక్కనున్న వర్జీనియావి. వెస్ట్ వర్జీనియాను అవి ఒక కొసన తాకి పోతాయి. టోటో బృందం 1982 నాటి ‘ఆఫ్రికా’ పాటలో కిలిమంజారో సెరెంగెటీ మైదానం మీద లేచి నిలబడుతుంది. నిజానికి రెండింటి మధ్య వందల కిలోమీటర్ల దూరం. రాసినాయన అప్పటికి ఆఫ్రికాలో అడుగుపెట్టలేదు. చూడని చోటు గురించి కోట్ల మందికి ఒక బొమ్మ ఇవ్వగలగడం పాట శక్తి. ఆ బొమ్మను మ్యాపుతో సరిచూడమని పిల్లలకు నేర్పడం సోషల్ టీచరు పని.

మన పాటల్లో ఈ పరీక్షకు గోదావరిని మించినది లేదు. తెలుగు సినిమాకు గోదావరి అంటే కొబ్బరి చెట్లు, లాంచీ, రాజమండ్రి వంతెన, వరిచేలు. ‘మూగ మనసులు’ నుంచి ‘అందాల రాముడు’ మీదుగా నిన్నమొన్నటి సినిమాల దాకా కెమెరా, కలం రెండూ నది చివరి భాగం చుట్టూనే తిరిగాయి. నది పొడవు 1,465 కిలోమీటర్లు. పుట్టింది అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. పరీవాహక ప్రాంతంలో సగానికి కాస్త తక్కువ మహారాష్ట్రదే. బాసర దగ్గర తెలంగాణలోకి వచ్చి, శ్రీరాంసాగర్ దాటి, మంచిర్యాల, కాళేశ్వరం, ఏటూరునాగారం, భద్రాచలం మీదుగా వచ్చే నది సినిమా పాటల్లో భద్రాచలం రాముడి పేరుతో తప్ప పెద్దగా కనిపించదు. సినిమా పాటల్లో గోదావరి ప్రస్తావన వచ్చిన చోట్లన్నీ మ్యాపు మీద చుక్కలు పెట్టమంటే, చుక్కలు ఎక్కువగా ధవళేశ్వరం చుట్టుపక్కలే గుమిగూడతాయి. ఎందుకలా అన్నదే పాఠం. 1852 నాటికి అక్కడ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట డెల్టా పండింది, మిగులు వచ్చింది. ఆ మిగులుతో చదువులు, నాటకాలు, సినిమాల్లో పెట్టుబడులు, రచయితలు వచ్చారు. ఏ నేల గురించి ఎక్కువ పాటలున్నాయో చూస్తే ఏ నేలకు ముందు నీళ్లందాయో తెలుస్తుంది. పాటల మ్యాపు చాలావరకు సాగునీటి మ్యాపే.

శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) కోసం వేటూరి రాసిన ‘ఉప్పొంగెలే గోదావరి’ ఈ మూసలోంచి కొంత బయటికి వస్తుంది. సినిమాలో పడవ రాజమండ్రి నుంచి ఎదురు దిశలో భద్రాచలం వైపు పోతుంది కనుక, పాట డెల్టా వరిచేలతో పాటు శబరి సంగమాన్నీ తలుచుకుంటుంది. ఈ రెంటినీ మ్యాపు మీద గుర్తిస్తే ఒక పీరియడ్‌కు సరిపడా పని. వరిచేలున్న చోటు సముద్రమట్టానికి కాస్త ఎత్తున, ఒండ్రు నేల మీద ఉంది. పైకి పోతే పాపికొండల దగ్గర తూర్పు కనుమలను కోసుకుంటూ నది ఇరుకైపోతుంది. అక్కడే ఎందుకు ఇరుకైందో, ధవళేశ్వరం దగ్గర ఎందుకంత వెడల్పైందో వివరించడానికి రాయి గట్టిదనమూ నేల వాలూ చాలు. ఇంకా పైన, కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. శబరి ఒడిశా కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టింది, దార్లో సీలేరును కలుపుకుంది. పాట వచ్చిన 2006లో కూనవరం ఖమ్మం జిల్లాలో ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు మారింది. నది కదల్లేదు, సంగమం కదల్లేదు, రాష్ట్రం సరిహద్దు కదిలింది. ప్రాజెక్టు పూర్తయి నిండా నీరు నిలిస్తే ఆ సంగమం రూపే మారిపోతుంది, చుట్టుపక్కల ఆదివాసీ గూడేలు ఖాళీ అవుతాయి. పాటలో ఆ గూడేలు లేవు. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా పాటను మెచ్చుకుని వదిలేస్తే అది పర్యాటక శాఖ ప్రకటనకు ఎక్కువా కాదు, తక్కువా కాదు.

శీతోష్ణస్థితి పాఠానికి నేనైతే 1955 నాటి ‘రోజులు మారాయి’లో కొసరాజు రాసిన ఏరువాక పాటను ఎంచుకుంటాను. వహీదా రెహమాన్ నాట్యంతో అది పేరుపొందింది, మాస్టర్ వేణు బాణీ ఇప్పటికీ పాతబడలేదు. జ్యేష్ఠ పున్నమి ఏరువాక పున్నమి. నైరుతి రుతుపవనాలు జూన్ మొదటి, రెండో వారాల్లో మన దగ్గరికి వస్తాయి. పండగ తేదీకీ తొలకరికీ ఉన్న చుట్టరికం పిల్లలకు తేలిగ్గానే అర్థమవుతుంది. అసలు పాఠం ఆ తరవాత మొదలవుతుంది. ప్రతి పిల్లవాడూ తన జిల్లా నెలవారీ వర్షపాతం పట్టిక తెచ్చి, పాట చెప్పిన క్యాలెండరు తన ఊరికి సరిపోతుందో లేదో చూడాలి. తెలంగాణ జిల్లాలకు సరిపోతుంది, ఏడాది వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నైరుతిదే. నెల్లూరులో పాట ఓడిపోతుంది. అక్కడ సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు తెస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏరువాకను ఆకాశం కన్నా కాలువకు నీళ్లు వదిలే తేదీ ఎక్కువగా నిర్ణయిస్తుంది. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. పడమటి కనుమల చాటున ఉన్న ఆ నేలలో జూన్‌లో మబ్బు చూసి విత్తనం వేసినవాడికి ఆగస్టు దాకా మళ్లీ చినుకు రాకపోవచ్చు. ఒక్క పాటకు నాలుగు ప్రాంతాల్లో నాలుగు జవాబులు వస్తాయి. రుతుపవనాల గురించి పుస్తకంలో ఉన్న పేజీ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

బతుకమ్మ పాటలది వేరే దారి. ఇక్కడ మాటల్లో కన్నా పాట చుట్టూ ఉన్న పనిలో భూగోళం ఎక్కువ. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులంటే నైరుతి వెనక్కి మళ్లే కాలం, చెరువులు నిండి ఉన్న కాలం. తంగేడు మెట్ట భూముల్లో, గుట్టల అంచున తనంతట తాను పెరిగే పొద. గునుగు మెట్ట చేలల్లో పైరుతో పాటు మొలిచే కలుపు. ఈ రెండు పూలు దండిగా దొరికే నేల ఎలాంటిదో పిల్లలు చెప్పగలిగితే దక్కన్ పీఠభూమి మెట్ట స్వభావం వాళ్లకు తెలిసినట్టే. బతుకమ్మను వదలడానికి నీళ్లు కావాలి, అంటే చెరువు కావాలి. పెద్ద నదులు అందని గ్రానైటు నేలలో కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఎందుకు తవ్వారన్న ప్రశ్నకు దారి తెరుచుకుంటుంది. ఈ మధ్య హైదరాబాదులో పూలు మార్కెట్లో కొంటున్నారు, గునుగుకు రంగులు అద్దుతున్నారు. ఆ పూలు ఏ ఊరి నుంచి వచ్చాయో కనుక్కోమంటే నగరానికీ చుట్టుపక్కల పల్లెలకూ ఉన్న సంబంధం బయటపడుతుంది. డల్లాస్‌లో ఆడే బతుకమ్మలో తంగేడు ఉండదన్నది కూడా ఒక పాఠమే.

ఇవన్నీ పాత పాటలు, ఇప్పటి పిల్లలకు ఎక్కవు అనేవాళ్లుంటారు. ‘నాటు నాటు’ ఎక్కుతుంది కదా. 2023లో ఆస్కార్ గెలిచిన ఆ పాటలో మూడు భూగోళాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కథ ప్రకారం అది 1920ల నాటి ఢిల్లీలో బ్రిటిష్ వాళ్ల విందు. తీసింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారిన్‌స్కీ రాజభవనం ముందు, 2021 ఆగస్టులో. అది జరిగిన ఆరు నెలలకే ఆ దేశం మీద రష్యా దండెత్తింది. చంద్రబోస్ రాసిన మాటల్లో మాత్రం ఢిల్లీ లేదు, కీవ్ లేదు. పొలం గట్టు దుమ్ము, పోలేరమ్మ జాతర, మర్రిచెట్టు నీడ, ఎర్రజొన్న రొట్టె, మిరప తొక్కు ఉన్నాయి. ఆయనది పూర్వపు వరంగల్ జిల్లా. జొన్న తక్కువ వానతో, మెట్ట నేలలో పండే పంట. ఆ రొట్టె తినే ఊళ్లను మ్యాపు మీద గుర్తిస్తే తెలంగాణ, రాయలసీమ, వాటిని ఆనుకున్న కర్ణాటక, మరాఠ్వాడా జిల్లాలు ఒక పట్టీగా వస్తాయి. కోనసీమ అందులోకి రాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక, బోర్లు పెరిగాక ఈ పట్టీలో కూడా జొన్న తగ్గి వరి ఎలా పెరిగిందో ఇంట్లో నాయనమ్మను అడిగితే చాలు. మాటల చోటు, కథ చోటు, కెమెరా చోటు వేరువేరని ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పాట చెప్పినంత సులువుగా ఇంకేదీ చెప్పదు.

మానవ భూగోళానికి వస్తే గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ దగ్గర ఆగక తప్పదు. 2002 నాటి ‘కుబుసం’ సినిమాతో ఇంటింటికీ చేరిన ఆ పాట కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిస, సాలె మగ్గం ఒక్కొక్కటిగా ఎలా మూలపడ్డాయో చెబుతుంది. గ్లోబలైజేషన్ మీద పాఠ్యపుస్తకంలో ఉన్న నిర్వచనం పిల్లలకు రెండు మార్కుల ప్రశ్న. ఈ పాట పట్టుకుని ఊళ్లోకి పంపితే అది సర్వే అవుతుంది. మన ఊళ్లో కుండలు చేసే ఇళ్లు ఎన్ని మిగిలాయి, వాటి చోట వచ్చిన ప్లాస్టిక్ బిందె ఏ పట్నంలో తయారైంది, ఆ ఇంటి కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడు అని అడిగి రాసుకుంటే, సరుకు వచ్చే దారీ మనిషి పోయే దారీ రెండూ మ్యాపు మీద బాణం గుర్తులవుతాయి. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఆ బాణాలు గల్ఫ్ దాకా పోతాయి. ఆ వలసల మీద యూట్యూబ్‌లో వచ్చిన ప్రైవేటు పాటలు సాహిత్యంగా గొప్పవి కాకపోవచ్చు. కానీ వీసా కోసం చేసిన అప్పు, ఏజెంటు మోసం, ఎడారి ఎండ, ఇంటికి ఫోను, అన్నీ అందులో ఉన్నాయి. అమెరికాలో వుడీ గత్రీ ‘డస్ట్ బౌల్ బాలడ్స్’ (1940) ఇలాంటి పనే చేసింది. 1935 ఏప్రిల్ 14 నాటి దుమ్ము తుపాను తేదీతో సహా అందులోని ఒక పాటలో ఉంది. కరువు నేలలు వదిలి కాలిఫోర్నియా దారి పట్టిన రైతుల సంగతీ ఆ పాటల్లో ఉంది. పోల్చి చూస్తే ‘బలగం’ (2023) కోసం కాసర్ల శ్యామ్ రాసిన ఊరి పాట ఎంత ముద్దుగా ఉన్నా, ఊళ్లో ఉన్నవాళ్ల గురించే ఎక్కువ చెబుతుంది. ఊరొదిలి పోయినవాళ్ల జాడ పిల్లలే వెతకాలి.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. పాట ఆవేశం మీద నడుస్తుంది, భూగోళం కొలతల మీద నడుస్తుంది. ఉద్యమ గీతాన్ని తరగతిలోకి తెస్తే రాజకీయం వెంట రాదా? వస్తుంది. పాలమూరు ఉదాహరణ చూడండి. పక్కనే కృష్ణ పారుతుంటే చేలు ఎండిపోయాయని, జనం మూటాముల్లె సర్దుకుని వలస పోయారని 2002 తరవాత తెలంగాణ ఉద్యమ ధూంధాం వేదికల మీద ఎన్నో పాటలు మోగాయి. ఆ పాటను విని వదిలేస్తే మిగిలేది కోపం. కాంటూర్ మ్యాపు తెచ్చి పక్కన పెడితే ఒక కొలత దొరుకుతుంది. జూరాల జలాశయం పూర్తి నీటిమట్టం 318 మీటర్ల పైచిలుకు, మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు తమంతట తాము ఆ ఎత్తు ఎక్కవు, మోటార్లతో ఎత్తాలి. అయితే పాట అబద్ధమా? కాదు. ఎత్తాల్సిన నీళ్లను ఏ ప్రాంతానికి ముందు ఎత్తాలి, కరెంటు ఖర్చు ఎవరు భరించాలి, దశాబ్దాల పాటు ఆ పని ఎందుకు జరగలేదు అన్నవి నేల వాలు నిర్ణయించేవి కావు, ప్రభుత్వాలు నిర్ణయించేవి. పాటలో ఎంత భాగం నేలది, ఎంత భాగం పాలనది అని విడదీయడం నేర్చుకున్న పిల్లవాడు రేపు ఏ పార్టీ పాట విన్నా అదే పని చేస్తాడు. రాజకీయాన్ని తరగతి బయట ఉంచడం ఎలాగూ సాధ్యం కాదు, ఫోనులో రోజూ వింటూనే ఉన్నారు. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ మొదటి పాఠంలో పది జిల్లాల మాట ఉండేది. ఇప్పుడు జిల్లాలు 33. రాష్ట్ర గీతాన్ని కూడా ఏ కాలం మ్యాపుతో చదువుతున్నామో అడగవచ్చని పిల్లలకు తెలియాలి.

ఇంకో అభ్యంతరం నాకు మరింత బరువుగా తోస్తుంది. నాట్ల పాట, కోతల పాట, బండి పాట పుట్టింది వంగిన నడుముల మీద. వాటిలో చాలా భాగం దళిత, బహుజన స్త్రీల నోట పుట్టినవి. ఏసీ గదుల బడిలో పిల్లలు రంగురంగుల పరికిణీలు కట్టుకుని వాటిని ఆడిపాడితే శ్రమ కాస్తా ముచ్చట అయిపోతుంది. వార్షికోత్సవాల్లో జరుగుతున్నది చాలావరకు ఇదే. సినిమా ఏరువాక పాటలోనూ పొలం పని పండగలాగే కనిపిస్తుంది, కౌలు ఎంతో, అప్పు ఎంతో ఆ పాట చెప్పదు. ఆ సినిమా కథ మాత్రం భూమి ఎవరిది, పంట ఎవరిది అన్న గొడవ మీదే నడుస్తుంది. ఈ అభ్యంతరానికి పాటను మానేయడం జవాబు కాదు, పాటకు కూలి లెక్క జోడించడం జవాబు. ఎకరం నాటు వేయడానికి ఎంతమంది కావాలి, ఇప్పుడు ఇచ్చే కూలి ఎంత, నాటు యంత్రం వచ్చాక ఆ పాట ఎవరు పాడుతున్నారు అని అడిగితే ముచ్చట తొలగి ఆర్థిక భూగోళం మిగులుతుంది. తన తల్లి పాడే పాట తరగతిలో సమాచారంగా లెక్కకు వచ్చిందంటే ఆ పిల్లకు దొరికే గౌరవం వేరే సంగతి, దాన్ని మార్కుల్లో కొలవలేం.

సమయం లేదు, సిలబస్ పూర్తి కావాలి అన్న మాటలో నిజం ఉంది. అందుకే ఇది ప్రతి పాఠానికీ అక్కర్లేదు. ఏడాదికి నాలుగైదు పాటలు, అదీ నదులు, రుతుపవనాలు, పంటలు, వలసల దగ్గర చాలు. అక్షాంశాలు, రేఖాంశాలు, భూభ్రమణం, శిలల వర్గీకరణ లాంటివి పాటలకు లొంగవు, వాటికి గ్లోబు, టార్చి లైటు, రాళ్ల నమూనాలే దిక్కు. 2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠాలతో కలిపి చెప్పమంది. సీబీఎస్‌ఈ బళ్లలో ఆ పేరుతో ప్రాజెక్టులు చేయిస్తున్నారు. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ పేరుతో రాష్ట్రాలను జతచేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా వచ్చాయి. ఆ ప్రాజెక్టుల్లో చార్టు మీద భాంగ్రా బొమ్మ అతికించడం కన్నా, పంజాబీ పాటల్లో కెనడా మాట ఎందుకు అన్నిసార్లు వస్తుందని అడిగితే బాగుంటుంది. టీచరుకు పాడటం రానక్కర్లేదు, ఫోను, చిన్న స్పీకరు చాలు. తరగతిలో బోధన కోసం పాట వాడుకోవడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపులు ఇచ్చింది, ఆ భయమూ అక్కర్లేదు.

పరీక్షలో రానిది తరగతిలో నిలవదు. పాటలు వార్షికోత్సవం స్టేజీ మీదే ఉండిపోవడానికి అసలు కారణం అది. రెండు రాష్ట్రాల్లోనూ ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఇప్పటికే ఉన్నాయి. చాలా చోట్ల పిల్లలు గైడు చూసి ఎక్కించిన రెండు పేజీలకు ఆ మార్కులు పడుతున్నాయి. వాటి బదులు ఒక పాట, ఒక ఖాళీ మ్యాపు, ఊళ్లోంచి తెచ్చిన ఒక పేజీ సమాచారం అడగండి. దీనికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచేనాటికి తొలకరి కూడా వస్తుంది కనుక, సోషల్ టీచర్లు ఏరువాక పాటతో, తమ మండలం వర్షపాతం పట్టికతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.